కలియనీయని చట్టము, కలియరను నింద

1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమును గొప్ప భూకంపము కుదిపివేసెను. ఇండ్లు కూలెను. కూలక నిలిచినవానిని అగ్ని దహించెను. కొన్ని దినములలోనే నగరమున చాల భాగము బూడిదకుప్ప యయ్యెను. ఈ వార్త విని పెక్కు దేశములు ధనసహాయము పంపెను. జపాను పంపిన మొత్తము రెండు లక్షల నలువది వేల డాలర్లకు మించియుండెను. తక్కిన విదేశములన్నియు కలిసి పంపిన దానికంటె అది ఎక్కువ.

ధనముతోబాటు జపాను నుండి ఒక పండితుడు గూడ వచ్చెను. ఆయన పేరు ఒమొరి ఫుసాకిచీ. టోక్యో విశ్వవిద్యాలయమున భూకంపశాస్త్రమునకు ఆచార్యుడు. ఆ శాస్త్రమున ఆనాడు ప్రపంచమందలి అగ్రగణ్యులలో ఒకడు. ఆయన కూలిన గోడలను, చీలిన వీథులను పరిశీలించుచు నడచుచుండగా కొందరు కుర్రవాండ్రు ఆయనపై రాళ్లు రువ్విరి. ఇల్లు కాలి ఏడ్చుచున్నప్పుడు పరామర్శకు వచ్చిన చుట్టమునకు జరిగిన మర్యాద ఇది. ఆయన చేసిన తప్పు ఏమియు లేదు. ఆయన ముఖము జపానీయుని ముఖము, అంతే.

కుర్రవాండ్రు తెలియక చేసిరని సరిపెట్టుకొనవచ్చును. పెద్దలు ఏమి చేసిరో చూడుడు. భూకంపము జరిగి ఆరు నెలలైనను కాకముందే, అక్టోబరు 11వ తేదీన, శాన్ ఫ్రాన్సిస్కో నగర విద్యాసంఘము ఒక ఉత్తరువు జారీ చేసెను. నగరమున చదువుకొను జపాను, కొరియా దేశముల పిల్లలు ఇకపై ఇతర పిల్లలతో కలిసి చదువరాదు. చైనావారి పిల్లలకొరకు ప్రత్యేకించిన పాఠశాలకు పోవలెను. పాఠశాలలు కూలి స్థలము చాలనందున ఇట్లు చేయవలసి వచ్చినదని ఒక కారణము చెప్పిరి. ఆ నగరమందలి ప్రభుత్వ పాఠశాలలలో చదువుచున్న జపాను పిల్లలు 93 మంది. వారు 23 పాఠశాలలలో చెదరి యుండిరి. అనగా పాఠశాలకు నలుగురు! ఈ నలుగురు లేచిపోయిన మాత్రమున ఏ పాఠశాలలోనైనను ఎంత చోటు మిగులును? ఆ 93 మందిలో 25 మంది అమెరికా గడ్డపైననే పుట్టినవారు.

వేరొక కారణము గూడ చెప్పిరి. యౌవనము వచ్చిన జపాను యువకులు చిన్న తరగతులలో పసిపిల్లల ప్రక్కన కూర్చుండుచున్నారట. ఇంగ్లీషు నేర్చుకొనుటకై అట్లు చేరిన పెద్దవారు కొలదిమంది ఉన్నమాట నిజము. తరగతికి ఇంత వయస్సు అని ఒక నియమము పెట్టిన చాలును, ఆ చిక్కు తీరిపోవును. ఏ ప్రధానోపాధ్యాయుడైనను ఒక పూటలో తీర్పగల పని అది. అందులకై ఏడెనిమిదేండ్ల పసివారిని గూడ, కాలిపోయిన వీథులు దాటించి, దూరమున నున్న వేరు పాఠశాలకు నడిపింపవలసిన అవసర మేమున్నది?

అమెరికా అధ్యక్షుడగు థియోడర్ రూజ్వెల్టు ఈ ఉత్తరువును తీవ్రముగ గర్హించెను. ఆ డిసెంబరులో కాంగ్రెసుకు పంపిన సందేశమున, జపాను పిల్లలను పాఠశాలల నుండి వెలివేయుట దుర్మార్గమనియు, అర్థములేని పని యనియు ఆయన వ్రాసెను. జపానీయులకు పౌరసత్వ మొసగుటకు ఒక చట్టము చేయుడని గూడ కోరెను. కాంగ్రెసు ఆ కోరిక నెరవేర్చలేదు. రూజ్వెల్టును మెచ్చుకొనవలసినదే. కాని ఆయన కోపమునకు ఇంకొక మూలము గూడ కలదు. అంతకు ముందటి యేడే జపాను నౌకాబలము రష్యాను ఓడించెను. పెద్ద నౌకాదళముగల దేశమును కించపరచుట ప్రమాదమని ఆయన ఎరుగును. చైనా పిల్లలను ఆ నగరము ఇరువది యేండ్లనుండి వేరు పాఠశాలలో పెట్టియుండెను. వారి పక్షమున అంత గట్టిగా మాటలాడిన అధ్యక్షుడు లేడు. చైనాకు అట్టి నౌకాదళము లేదు!

తుదకు రాజీ కుదిరెను. 1907లో విద్యాసంఘము తన ఉత్తరువును ఉపసంహరించుకొనెను. అందులకు బదులుగా, హవాయి ద్వీపముల నుండి జపాను కూలీలు అమెరికా ఖండమునకు రాకుండ అధ్యక్షుడు ఆజ్ఞ చేసెను. క్రొత్తగా కూలీలకు ప్రయాణపత్రము లియ్యమని జపాను ప్రభుత్వము మాట యిచ్చెను. దీనికి ‘పెద్దమనుష్యుల ఒప్పందము’ అని పేరు. పిల్లలకు బడి దొరకెను. వారి మేనమామలకు, చిన్నాన్నలకు దేశమునకు దారి మూతపడెను.

ఈ చరిత్ర అంతటను ఒక్కటే మాట మరల మరల వినవచ్చుచుండును. ‘జపానీయులు మనతో కలియరు’ అనునదే ఆ మాట. వార్తాపత్రికలు అట్లు వ్రాసెను; సభలలో అట్లు ప్రసంగించిరి; శాసనసభలలో అదే ప్రమాణముగా చెప్పుకొనిరి. ఆ నింద సత్యమా కాదా అని విచారించుటకు ముందు, కలియుటకు వారికి త్రోవ యుండెనా అని చూడవలెను. పాఠశాల అనునది పిల్లలు కలియు మొదటి చోటు. ఆ చోటనే గోడ కట్టినవారు, ఆవలివైపు వారు ఇవతలికి రారని నిందించిరి.

జపానీయులు అమెరికాకు ఎందుకు వచ్చిరి? పొట్టకూటికై వచ్చిరి. 1868లో సుమారు 150 మంది హవాయి ద్వీపములలోని చెరకుతోటలకు కూలికి పోయిరి. అప్పటికి హవాయి అమెరికాలో చేరలేదు. అటుపిమ్మట జపానులో గొప్ప మార్పులు వచ్చెను. 1873లో భూమిశిస్తును ధాన్యరూపమున గాక ధనరూపమున కట్టవలెనని ప్రభుత్వము శాసించెను. పంట ధర పడిపోయినను శిస్తు తగ్గదు. అప్పులపాలైన రైతులు భూములు పోగొట్టుకొనిరి. 1885లో ఉభయ ప్రభుత్వముల ఒప్పందముపై హవాయికి వలస మరల మొదలయ్యెను. హిరోషిమా, యమగూచి మండలముల నుండి రైతుబిడ్డలు వేలకొలదిగా ఓడ లెక్కిరి. మూడేండ్లు పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టి, తిరిగివచ్చి పొలము విడిపించుకొనవలెనని వారి ఆశ. మన తీరప్రాంతపు తెలుగు కూలీలు బర్మాకును మలయాకును పోయినది గూడ ఇట్టి ఆశతోనే.

చెరకుతోటలలో ప్రతి కూలీకి ఒక అంకె చెక్కిన లోహపుబిళ్ల ఇచ్చుచుండిరి. దానిని మెడలో వ్రేలాడదీసికొనవలెను. మేస్త్రీలు మనిషిని పేరుతో గాక ఆ అంకెతో పిలుచుచుండిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓడరేవులోనే ఉండిపోయెను. ఒకే పనికి జాతినిబట్టి కూలి మారుచుండెను. పోర్చుగీసు కూలీకి నెలకు ఇరువది రెండున్నర డాలర్లు. అదే పని చేయు జపాను కూలీకి పదునెనిమిది. 1909లో ఒహాహూ ద్వీపమున దాదాపు ఏడువేలమంది జపాను కూలీలు ఈ భేదమునకు ప్రతిగా సమ్మె చేసిరి. నాయకులను చెరసాలలో పెట్టి యజమానులు సమ్మెను అణచివేసిరి. కాని సమ్మె ముగిసిన పిదప ఆ కూలిభేదమును తామే తొలగించిరి. తప్పని తెలిసిన పనిని తప్పని ఒప్పుకొనుటకు మాత్రము వారికి నోరు రాలేదు.

1898లో హవాయి అమెరికాలో కలిసెను. 1900 నుండి కూలీలకు ఒప్పందపు బంధము తెగిపోయెను. పెక్కుమంది ఖండభూమికి దాటి కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రములలో రైలుదారులు వేయుచు, కట్టెలు కోయుచు, తోటలలో పండ్లు దింపుచు జీవించిరి. వారి సంఖ్య ఎంత? 1910 జనాభా లెక్కలో ఖండభూమియందు జపానీయులు సుమారు 72 వేలమంది. దేశ జనాభా తొమ్మిది కోట్లకు పైన. అనగా వేయిమందిలో ఒకడైనను కాడు. ఈ పిడికెడు జనము ఒక మహాదేశమును మ్రింగివేయుదురని భయపెట్టినవారు లేకపోలేదు.

1905లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో జపానీయులను వెలివేయవలెనని ఒక సమితి ఏర్పడెను. అందు కార్మికసంఘములవారు ముఖ్యులు. దాని మొదటి అధ్యక్షుడు నార్వే దేశమున పుట్టి అమెరికాకు వలస వచ్చినవాడు. నిన్న ఓడ దిగినవాడు నేడు దిగుచున్నవానిని ‘నీవు పరదేశివి’ అనుట వింత గదా! వారి వాదము కొట్టివేయదగినది మాత్రము కాదు. తక్కువ కూలికి పనిచేయువాడు వచ్చినచో ఉన్నవారి కూలి పడిపోవునని వారు భయపడిరి. భయము సహజమే. అట్లయినచో జపాను కూలీని గూడ తమ సంఘమున చేర్చుకొని సమానమైన కూలి అడుగవచ్చును. 1903లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డు అను ఊర జపాను, మెక్సికో కూలీలు కలిసి సంఘము కట్టి, బీటుదుంప తోటలలో సమ్మె చేసి గెలిచిరి. ఆసియావారిని వదలుకొన్నచో గుర్తింపు నిత్తుమని జాతీయ కార్మిక సమాఖ్య వారికి కబురంపెను. మెక్సికో కూలీలు ఆ షరతునకు ఒప్పుకొనలేదు. చదువు అంతగా లేని ఆ తోటకూలీలకు తెలిసిన ధర్మము పెద్ద నాయకులకు తెలియకపోయెను.

తక్కువ కూలికి పనిచేయుట నేరమన్నారు. జపానీయులు కూలి మాని కౌలు వ్యవసాయమునకు దిగిరి. అప్పుడు భూములు ఆక్రమించుచున్నా రన్నారు. ఏటి ఎగువన నీరు త్రాగు తోడేలు దిగువన నున్న మేకపిల్లను నీరు మురికి చేయుచున్నావని గద్దించిన కథ పిల్లలందరు చదివినదే. కాలిఫోర్నియాలో ఆ కథ చట్టరూపమున జరిగెను.

దీనికంతటికి మూలము మిక్కిలి పాతది. 1790లో అమెరికా కాంగ్రెసు పౌరసత్వమును గూర్చి ఒక చట్టము చేసెను. పరదేశము నుండి వచ్చినవాడు ‘స్వతంత్రుడైన తెల్లవాడు’ అయినచో పౌరుడు కావచ్చునని అందు వ్రాసిరి. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము పోయిన తరువాత, 1870లో, ఆఫ్రికా సంతతివారిని గూడ చేర్చిరి. ఇక ఆసియావాసి నలుపునకు చెందడు, తెలుపునకు చెందడు, నడుమ చిక్కుకొనెను. అడకత్తెరలో పోకచెక్క వంటి స్థితి. ఐరోపా నుండి వచ్చినవాడు అయిదేండ్లు నివసించి ప్రమాణము చేసి పౌరుడు కావచ్చును. జపాను నుండి వచ్చినవాడు ఏబదియేండ్లు నివసించినను పరదేశియే.

ఈ అన్యాయమును న్యాయస్థానమున ఎదుర్కొన్నవాడు ఒజావా టకావో. ఆయన 1875లో జపానులో పుట్టి, 1894లో శాన్ ఫ్రాన్సిస్కో చేరెను. బర్కిలీ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున దాదాపు మూడేండ్లు విద్యాభ్యాసము చేసెను. పిమ్మట హొనొలూలూలో ఉద్యోగమున కుదిరెను. ఇంట ఇంగ్లీషే మాటలాడుచుండెను. పిల్లలను అమెరికా పాఠశాలలకే పంపెను. కుటుంబము అమెరికా దేవాలయములకే పోవుచుండెను. కలియరు, కలియరు అని ఎవరిని నిందించిరో ఆ జాతిలోనివాడు ఇంతకంటె ఎట్లు కలియగలడు? 1914లో ఆయన పౌరసత్వమునకై దరఖాస్తు చేసెను. అది ఒక న్యాయస్థానము నుండి మరియొక న్యాయస్థానమునకు పోయి, తుదకు సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను.

1922 నవంబరు 13వ తేదీన తీర్పు వెలువడెను. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి జార్జి సదర్లాండ్. ఆయన ఇంగ్లండులో పుట్టి శిశుప్రాయమున తల్లిదండ్రులతో అమెరికాకు వచ్చినవాడు. ఒజావా గుణమునుబట్టియు విద్యనుబట్టియు పౌరసత్వమునకు తగినవాడేనని ఆయన ఒప్పుకొనెను. ఒంటిరంగునుబట్టి తెల్లవానిని నిర్ణయించుట సాధ్యము కాదనియు, తెల్లజాతులలో గూడ గోధుమ, పసుపు వన్నెలవారికంటె నల్లనివారు కలరనియు గూడ ఒప్పుకొనెను. ఇంత ఒప్పుకొన్న పిమ్మట, ‘తెల్లవాడు’ అనగా కకేసియను జాతివాడని అర్థము చెప్పి, జపానీయుడు ఆ జాతివాడు కాడు గావున పౌరుడు కాజాలడని తీర్పు ముగించెను. యోగ్యత గలదు, కాని ఆ యోగ్యతకు విలువ లేదు.

ఈ తీర్పు భారతీయులకు గూడ సంబంధించినది. పంజాబునకు చెందిన భగత్ సింగ్ తిండ్ 1913లో అమెరికా చేరి, మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశపు సైన్యములో పనిచేసెను. ఆయన పౌరసత్వ వ్యవహారము ఒజావా తీర్పు వచ్చిన మూడు నెలలకే అదే కోర్టు ముందుకు వచ్చెను. ఉత్తర భారతీయులు కకేసియను జాతివారని ఆనాటి శాస్త్రజ్ఞులు కొందరు వ్రాసియుండిరి. తెల్లవాడనగా కకేసియనుడని కోర్టే చెప్పినది గదా! ఇక అడ్డమేమి? 1923 ఫిబ్రవరి 19వ తేదీన అదే న్యాయమూర్తి సదర్లాండ్ మాట మార్చెను. శాస్త్రజ్ఞులు ఏమి చెప్పినను సరే, సామాన్యుడు ఎవనిని తెల్లవాడనునో వాడే తెల్లవాడు. తిండ్ అట్టివాడు కాడు అనెను. జపానీయునికి శాస్త్రము అడ్డు వచ్చెను. భారతీయునికి శాస్త్రము పనికిరాకపోయెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనుట ఇదే. ఆ తరువాత, అంతకుముందే పౌరసత్వము పొందియున్న పలువురు భారతీయుల పత్రములను రద్దు చేసిరి.

ఇచ్చట ఒక కష్టమైన మాట చెప్పవలసి యున్నది. తిండ్ పక్షమున వాదించినవారు, అగ్రకులపు హిందువు తన దేశమందలి ఆదివాసులను చూచు దృష్టియు, అమెరికా తెల్లవాడు నీగ్రోను చూచు దృష్టియు ఒకటేనని కోర్టులో చెప్పిరి. మేము గూడ మీవలె ఇతరులను దూరముగా నుంచువారమే, కావున మమ్ము లోనికి రానిండు అని దీని అర్థము. జపాను ప్రభుత్వము గూడ తన ప్రజలను చైనా కూలీలతో జమ కట్టవద్దని పట్టుపట్టుచుండెను. గోడ ఉండుట తప్పని వీరు వాదింపలేదు. గోడకు ఏ వైపున తాము ఉండవలెననుటయే వీరి వాదము. అవమానము పొందినవానికి ఇతరుల అవమానము తెలియుననుకొందుము. అన్నివేళల అట్లు జరుగదు. 1910లో కొరియాను ఆక్రమించిన జపాను, అచ్చటి ప్రజలను సమానులుగా చూడలేదు.

పౌరసత్వము లేకున్న ఏమి నష్టమని కొందరు అడుగవచ్చును. ఒక్క ఓటు లేకపోవుటతో నష్టము ఆగినచో బాగుండెడిది. ఒజావా తీర్పునకు ముందే పెక్కు న్యాయస్థానములు జపానీయుల దరఖాస్తులను త్రోసిపుచ్చుచుండెను. ఆ సందు చూచుకొని 1913లో కాలిఫోర్నియా శాసనసభ ఒక భూమిచట్టము చేసెను. ‘పౌరసత్వమునకు అర్హులు కాని పరదేశీయులు’ సాగుభూమి కొనరాదు. మూడేండ్లకు మించి కౌలుకు తీసికొనరాదు. ఈ చట్టమున జపాను అను మాట ఒక్కచోటనైనను లేదు. చదివినవానికి అందరికి వర్తించు సామాన్యనియమమువలె కనిపించును. చట్టము ఎవరి పేరు ఎత్తక గూడ ఎవరి గొంతు నొక్కగలదో తెలియుటకు ఇంతకంటె వేరు ఉదాహరణము అక్కరలేదు.

జపాను రైతులు ఎవరి మాగాణిని దోచుకొనలేదు. ఇతరులు వదలివేసిన చిత్తడినేలలకు గట్లు వేసి, నీరు తోడి, బంగాళాదుంపలు, ఉల్లి, స్ట్రాబెరీలు పండించిరి. షీమా అని అమెరికాలో పేరుపొందిన ఉషిజిమా కింజీ అట్టి నేలలలో వ్యవసాయము చేసి ‘బంగాళాదుంపల రాజు’ అనిపించుకొనెను. అంతటి ధనికుడు బర్కిలీలో ఒక ఇల్లు కొనుకొన్నప్పుడు, ఆ వీథివారు ఆయన అచ్చట ఉండరాదని ఆందోళన చేసిరి. 1920లో కాలిఫోర్నియా ఓటర్లు భూమిచట్టమును మరింత బిగించి, కౌలును గూడ పూర్తిగా నిషేధించిరి. ఆ ఓటర్లలో జపానునుండి వచ్చినవారు దాదాపు లేనట్లే.

ఒకే ఒక సందు మిగిలియుండెను. అమెరికా రాజ్యాంగమునకు 1868లో చేసిన సవరణ ప్రకారము ఆ దేశమున పుట్టిన ప్రతి శిశువు పౌరుడే. తండ్రి పరదేశియైనను బిడ్డ స్వదేశి. ఈ సందులోనుండి నడచినవాడు హరాదా జూకిచీ. స్వదేశమున ఉపాధ్యాయుడుగా నుండిన ఈయన, కాలిఫోర్నియాలోని రివర్‌సైడు పట్టణమున భార్య కెన్‌తో కలిసి ఒక భోజనశాల నడుపుచుండెను. అచ్చట వడ్డించునది అమెరికా వంటకములే. గోడలపై వ్రేలాడునవి వాషింగ్టన్, లింకన్ల చిత్రపటములు. కుటుంబము ఇరుకైన బసలో కాపురముండెడిది. అచ్చట వారి చిన్న కుమారుడొకడు కంఠసర్పి సోకి మరణించెను. గాలి, వెలుతురు గల ఇంట మిగిలిన బిడ్డలను పెంచుకొనవలెనని తల్లిదండ్రులు నిశ్చయించుకొనిరి. 1915 డిసెంబరులో లెమన్ వీథిలో ఒక ఇల్లు కొని, అమెరికాలో పుట్టిన తమ ముగ్గురు పిల్లలు మీనే, సూమి, యోషిజోల పేర వ్రాయించిరి.

ఇరుగుపొరుగువారు సభ చేసిరి. ఎక్కువ ధర యిత్తుము, ఇల్లు మాకు అమ్ముమనిరి. హరాదా అమ్మలేదు. కాలిఫోర్నియా రాష్ట్రప్రభుత్వమే దావా వేసెను. ఒక వైపున ఒక రాష్ట్రము. రెండవ వైపున ఇంకను బడి చదువు ముగియని ముగ్గురు పిల్లలు! 1918లో న్యాయమూర్తి హ్యూ క్రెయిగ్ తీర్పు చెప్పెను. భూమిచట్టమును ఆయన కొట్టివేయలేదు. కాని ఈ పిల్లలు అమెరికా పౌరులు, ఇతర పౌరులకు గల హక్కులన్నియు వీరికి కలవు, ఇల్లు వీరిదే అనెను. ఆ కాలమున, ఆ రాష్ట్రమున, ఇట్టి మాట చెప్పుటకు ధైర్యము కావలెను.

1924లో కాంగ్రెసు క్రొత్త వలసచట్టము చేసెను. పౌరసత్వమునకు అర్హులు కాని జాతులవారు వలస రానేరాదని అందు విధించిరి. మొదట వచ్చినవారికి పౌరసత్వము లేదన్నారు. అది లేనందున భూమి లేదన్నారు. అది లేనందుననే దేశమునకు రావలదన్నారు. ఒక్క మేకునకు మూడు తాళములు వ్రేలాడదీసిరి. జపానులో ఈ చట్టము గొప్ప అవమానముగా భావింపబడెను. అమెరికాతో స్నేహము కోరువారి మాట అచ్చట చెల్లకుండ పోవుటకు ఇదియు ఒక కారణ మయ్యెను.

1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసెను. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ఒక ఉత్తరువుపై సంతకము చేసెను. దాని ఫలితముగా పడమటి తీరమందలి జపాను సంతతివారిని, సుమారు లక్ష ఇరువదివేల మందిని, ఇండ్ల నుండి తరలించి ఎడారులలో ముండ్లతీగల నడుమ శిబిరములలో బంధించిరి. వారిలో మూడింట రెండువంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులు. యుద్ధకాలమున దేశరక్షణకై ఇది తప్పలేదని నేటికిని సమర్థించువారు కలరు. వారు హవాయి వైపు చూడవలెను. దాడి జరిగినది హవాయిపైననే. అచ్చటి జనములో మూడవవంతునకు పైగా జపాను సంతతివారే. అయినను అచ్చట అందరిని బంధింపలేదు. బంధించినచో తోటలు, రేవులు నడవవు. భయము నిజమైనచో అది ప్రమాదము ఎక్కువైన చోట ఎక్కువగా ఉండవలెను గదా! శిబిరముల నుండియే వేలమంది యువకులు అమెరికా సైన్యమున చేరి ఇటలీ, ఫ్రాన్సు రణరంగములలో పోరాడిరి. కొడుకు యుద్ధభూమిలో, తల్లిదండ్రులు కావలివాండ్ర తుపాకుల ఎదుట.

1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వమునకు దారి తెరచిరి. జపానీయుల వంతు 1952లో వచ్చెను. ఆ సంవత్సరముననే కాలిఫోర్నియా భూమిచట్టము రాజ్యాంగవిరుద్ధమని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తేల్చెను. తల నెరసి, నడుము వంగిన ముదుసళ్లు రాత్రిబడులలో అమెరికా చరిత్ర చదివి, పరీక్ష నిచ్చి, ప్రమాణము చేసి పౌరులైరి. ఇన్నాళ్లు కలియరని నింద మోసినవారు తలుపు తెరచిన వెంటనే లోనికి వచ్చిరి. 1988లో అమెరికా ప్రభుత్వము శిబిరముల విషయమున క్షమాపణ చెప్పి, అప్పటికి బ్రతికియున్న ఒక్కొక్కరికి ఇరువదివేల డాలర్లు ఇచ్చెను. ఒజావా 1936లోనే, పరదేశిగానే, కన్నుమూసెను.

హరాదా దంపతులు గూడ ఇవి చూడలేదు. వారిని యూటా రాష్ట్రమందలి టోపాజ్ శిబిరమున బంధింపగా, కెన్ 1943లోను, జూకిచీ 1944లోను అచ్చటనే మరణించిరి. లెమన్ వీథి యింటిని వారికొరకు ఒక అమెరికా మిత్రుడు కాపాడుచుండెను. 1945లో సూమి ఒంటరిగా తిరిగివచ్చి ఆ యింటి తలుపు తీసెను. శిబిరముల నుండి విడుదలై, పోవుటకు చోటులేని కుటుంబములకు ఆమె ఆ యింటనే బస యిచ్చెను.